పని వేళ ముగిసినా ఆగని ఆలోచనలు: ఉద్యోగస్తులు ఏం చేస్తున్నారు, ఏం చేయగలరు?

నెలాఖరు రాశారు:

నేను కోస్తా జిల్లాలోని ఒక గ్రామీణ బ్యాంకు శాఖలో అధికారిగా పనిచేస్తున్నాను. పని ఎక్కువగా ఉందని చెప్పుకోవడానికి ఈ చర్చ మొదలుపెట్టడం లేదు. ఎంత పని ఉన్న రోజైనా, సాయంత్రం నగదు లెక్క సరిపోయి, ఇద్దరం కలిసి ఖజానాకు తాళాలు వేసి బయటికి వస్తే ఆ పని అక్కడితో ముగుస్తుంది. ముగియనిది వేరొకటి ఉంది. వాయిదా చెల్లించక 90 రోజులు దాటిన రుణం మొండి బకాయిగా మారుతుంది కాబట్టి, 60 రోజులు దాటిన ఖాతాల జాబితా నెల చివరి వారమంతా నాతో పాటే ఇంటికి వస్తుంది. భోజనం చేస్తున్నప్పుడు, పిల్లవాడు లెక్క చెప్పమని పుస్తకం తెచ్చినప్పుడు, అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు కూడా ఆ పేర్లు వరుసగా గుర్తుకు వస్తుంటాయి. వాటితో పాటు సమీక్షా సమావేశంలో పై అధికారి నలుగురి ముందు అన్న మాట, దానికి నేను చెప్పకుండా మింగిన సమాధానం, ఆ సమాధానం చెప్పి ఉంటే ఏమయ్యేదన్న ఊహ, ఇవన్నీ మొదటి నుంచి చివరి దాకా మళ్లీ నడుస్తాయి.

ఇంత ఆలోచించినా మర్నాటికి ఒక్క రూపాయి అదనంగా వసూలు కాదని నాకు తెలుసు. అయినా ఆపడానికి భయంగా ఉంటుంది, ఎందుకంటే ఆలోచించడం మానేస్తే నిర్లక్ష్యం చేసినట్టవుతుందేమో, సరిగ్గా ఆ రోజే ఏదో ఒక ఖాతా చేజారుతుందేమో అనిపిస్తుంది. నా ప్రశ్న అదే. ఇది బాధ్యతలో భాగమా, లేక బాధ్యత పేరుతో సాగుతున్న మరేదైనా వ్యవహారమా? 'మంచిగా ఆలోచించండి', 'రేపటి సంగతి రేపు చూసుకోండి' అన్న సలహాలు ఇంట్లోనే సరిపడా దొరుకుతున్నాయి కాబట్టి, అంతకు మించి తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మనోవీక్షణ రాశారు:

నెలాఖరు గారూ, నేను క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను, కాబట్టి ఈ జవాబు కొంచెం పొడవుగానే ఉంటుంది.

మీరు వర్ణించిన దానిలో రెండు వేర్వేరు వ్యవహారాలు కలిసి ఉన్నాయి. 60 రోజులు దాటిన ఖాతా ఏమవుతుందోనన్నది రాబోయే దాని గురించిన ఆందోళన. సమావేశంలో జరిగినదాన్ని తిరగదోడుకోవడం గడిచిపోయినదాన్ని నెమరువేసుకోవడం, అంటే మనస్తత్వశాస్త్రంలో రూమినేషన్ అనే స్థితి. రెండింటికీ ఉమ్మడి లక్షణం ఏమిటంటే, చేస్తున్నంతసేపూ సమస్యను పరిష్కరిస్తున్నామనే నమ్మకం కలుగుతుంది. మీరు ఆపడానికి భయపడటానికి కారణం ఆ నమ్మకమే.

ఆ నమ్మకాన్ని సుసాన్ నోలెన్-హోక్సెమా అనే అమెరికన్ మనస్తత్వవేత్త ప్రయోగాలతో పరీక్షించారు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1989 అక్టోబరు 17న పెద్ద భూకంపం వచ్చింది. అంతకు రెండు వారాల ముందే ఆమె స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల చేత, దిగులుగా ఉన్నప్పుడు వాళ్లు ఏం చేస్తారో తెలిపే ప్రశ్నావళులు నింపించి ఉన్నారు. భూకంపం తర్వాత వాళ్లనే మళ్లీ పరిశీలిస్తే, బాధను తవ్వుకునే అలవాటు ముందునుంచీ ఉన్నవారిలో, వారాలు గడిచాక కూడా, కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. భూకంపానికి ముందు వాళ్ల మనఃస్థితి ఎలా ఉండేదన్నది లెక్కలోకి తీసుకున్నా ఫలితం మారలేదు. తర్వాతి ప్రయోగాలలో, అప్పటికే దిగులుగా ఉన్నవారిని ఎనిమిది నిమిషాలు తమ గురించీ తమ భావాల గురించీ తలపోయమంటే దిగులు పెరిగింది, అంతే సేపు సంబంధం లేని విషయాలపై దృష్టి పెట్టమంటే తగ్గింది. మీ ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది 1995లో సోన్యా లూబోమిర్‌స్కీతో కలిసి ఆమె ప్రచురించిన పరిశోధన: దిగులుగా ఉండి, తలపోతలో మునిగిన వ్యక్తులు సాధారణ జీవిత సమస్యలకు చెప్పిన పరిష్కారాలు, కాసేపు మనసు మళ్లించుకున్నవారి పరిష్కారాల కంటే నాసిగా ఉన్నాయి.

కాబట్టి ఇది బాధ్యతలో భాగం కాదు. బాధ్యతకు కావలసిన తెలివిని హరించేది.

ఇక ఆలోచన మంచిదా చెడ్డదా అన్నదాని కంటే, అది ఏ రూపంలో నడుస్తోందన్నది ముఖ్యమని ఎడ్వర్డ్ వాట్కిన్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడి కృషి చెబుతుంది. 'నాకే ఎందుకు ఇలా జరుగుతోంది, నేను ఎందుకు ఇలాంటివాణ్ణి' అని సాగే ఆలోచనకు గమ్యం ఉండదు. 'ఫలానా ఖాతాదారును రేపు పదకొండు గంటలకు కలిసినప్పుడు మొదట ఏం అడగాలి' అన్న ఆలోచనకు ఒక ముగింపు ఉంటుంది. ఈ రాత్రి మీకు ఆ పేర్లు గుర్తొచ్చినప్పుడు, వాటిలో ఏ ఒక్కదాని విషయంలోనైనా రేపు చేయవలసిన మొదటి పని ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలరేమో చూడండి. చెప్పగలిగితే రాసిపెట్టి పడుకోండి. చెప్పలేకపోతే అప్పుడు మీరు చేస్తున్నది ఆలోచన కాదని తెలిసినట్టే.

సంఘం మనిషి రాశారు:

నేను పదవీ విరమణ చేసిన ఉద్యోగిని, చాలాకాలం ఉద్యోగ సంఘంలో పనిచేసినవాడిని. మనోవీక్షణ గారి విద్వత్తు మీద నాకు గౌరవం ఉంది, అయితే ఈ తరహా చర్చలన్నీ ఒకే చోటికి చేరుకోవడం చూసి విసుగు కూడా ఉంది. శాఖలో ఆరుగురు ఉండవలసిన చోట ముగ్గురు ఉంటారు. రుణాల వసూలుతో పాటు బీమా పాలసీలు అమ్మాలని లక్ష్యాలు పెడతారు, రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్‌లో అంకెలు అడుగుతారు. ఇంత జరిగాక ఆ ఉద్యోగికి నిద్ర పట్టకపోతే, లోపం అతని ఆలోచనా విధానంలో ఉందని శిక్షణ ఇస్తారు. ఇది దెబ్బ కొట్టి, నొప్పిని తట్టుకోవడం ఎలాగో నేర్పినట్టుగా ఉంది.

ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పని వేళల తర్వాత యజమాని సందేశాలకు స్పందించకుండా ఉండే హక్కుకు చట్టంలో చోటు దొరికింది. మన దగ్గర లోక్‌సభలో సుప్రియా సూలే అలాంటి ప్రైవేటు సభ్యుల బిల్లును ప్రవేశపెట్టారు కానీ అది చట్టం కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో బర్న్‌అవుట్‌ను రోగంగా కాకుండా, పనిచోట అదుపు చేయకుండా వదిలేసిన దీర్ఘకాలిక ఒత్తిడి వల్ల కలిగే వృత్తిపరమైన స్థితిగా నిర్వచించింది. కారణం పనిచోట ఉందని అంత స్పష్టంగా చెప్పాక, మనం మాత్రం మంచం మీద పడుకున్న ఉద్యోగి తలలో వెతకడం దేనికి?

రాత్రి పాళీ రాశారు:

సంఘం మనిషి గారూ, మీరు చెప్పినది అబద్ధం అనను. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును, ఒక్కరే ఎంతమంది రోగులను చూసుకోవలసి వస్తుందో నాకు తెలియనిది కాదు. కానీ సిబ్బందిని పెంచే ఉత్తర్వు వచ్చేదాకా నాకు నిద్ర కావాలి, రాత్రంతా మేలుకుని ఉదయం ఇంటికి వెళ్లిన మనిషికి పగటి నిద్ర దానంతట అది రాదు.

మా పనిలో ఆందోళనకు ఒక ప్రత్యేకమైన రూపం ఉంది. డ్యూటీ దిగి బస్సు ఎక్కాక, ఫలానా మంచం రోగికి ఆరు గంటల ఇంజెక్షన్ ఇచ్చానా లేదా, ఇచ్చాక షీటులో రాశానా లేదా అన్న అనుమానం మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ సిస్టర్ ఒకరు నాకు ఒక పద్ధతి నేర్పారు. వార్డుకు ఒక్క ఫోను చేసి నిజానిజాలు తేల్చుకోగలిగిన అనుమానం అయితే వెంటనే చేయాలి, మొహమాటపడకూడదు. ఒకసారి అడిగి జవాబు విన్న తర్వాత రెండోసారి అదే విషయానికి ఫోను చేయకూడదు, ఎందుకంటే రెండో ఫోను రోగి కోసం కాదు, మన భయం కోసం. ఫోనుతో తేలనిది, అంటే 'నేను ఇంకాస్త ముందుగా డాక్టరుగారిని పిలిచి ఉంటే ఆ పెద్దాయన బతికేవారా' లాంటిది, బస్సులో కూర్చుని తేల్చగలిగేది కాదు. దానిని మర్నాడు డ్యూటీలో ఇన్‌చార్జి సిస్టరుతోనో డాక్టరుతోనో కేసు షీటు ముందు పెట్టుకుని మాట్లాడాలి. అలా మాట్లాడినప్పుడు కొన్నిసార్లు నేర్చుకోవలసింది ఉంటుంది, చాలాసార్లు ఆ రోగి పరిస్థితి అప్పటికే చేయిదాటిందని తెలుస్తుంది.

ఇందులో దుఃఖం పోతుందని నేను చెప్పడం లేదు. చిన్నపిల్లల వార్డులో మరణం చూసిన రోజున ఏ పద్ధతీ పనిచేయదు, పనిచేయాలని కోరుకోవడం కూడా నాకు సబబుగా అనిపించదు. ఆ రోజు ఇంటికి వెళ్లి ఏడ్చాను, మా అమ్మ అన్నం కలిపి పెట్టింది. దుఃఖానికి చోటివ్వడం వేరు, ఆ దుఃఖం చుట్టూ నేరారోపణ పత్రం తయారుచేసుకోవడం వేరు.

జంట నగరాలు రాశారు:

ఈ చర్చలో ఇంతవరకూ ఎవరూ ఎత్తని ఒక విషయం ఉంది. ఆఫీసు ఆలోచనలు ఇంటికి వస్తున్నాయని అందరూ అంటున్నారు, ఇంటి ఆలోచనలు ఆఫీసుకు వెళ్లడం గురించి ఎవరూ అనడం లేదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఇద్దరు పిల్లలనూ మోకాళ్ల ఆపరేషన్ అయిన అత్తగారినీ చూసుకునే మనిషిగా చెబుతున్నాను, నా తలలో రెండు జాబితాలు ఏకకాలంలో నడుస్తుంటాయి. క్లయింటుతో కాల్‌లో ఉన్నప్పుడు పనమ్మాయి రాలేదన్న సందేశం వస్తుంది, కుక్కర్ పెట్టేటప్పుడు మధ్యాహ్నం డెప్లాయ్‌మెంట్‌లో వచ్చిన లోపం గుర్తుకు వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంట్లో జీతం లేని పని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఆ నిమిషాలలో వంట, ఊడ్పు, ఉతుకు లెక్కకు వస్తాయి కానీ, 'పాలు అయిపోయాయి, టీకా తేదీ దగ్గరపడింది, పెళ్లికి బట్టలు పెట్టాలి' అని గుర్తుపెట్టుకునే పని ఏ లెక్కలోకీ రాదు.

స్త్రీలలో ఈ తలపోత ఎక్కువని చదివాను. అది స్త్రీ స్వభావమని తేల్చేవారిని, ఆ రెండో జాబితాను ఒక నెల పాటు మోసి చూడమని మాత్రమే అడుగుతాను. మా ఇంట్లో మార్పు ఎక్కడ వచ్చిందంటే, పనులు పంచుకున్నప్పుడు కాదు, ఆ పనుల గురించిన జ్ఞాపకాన్ని పంచుకున్నప్పుడు. అత్తగారి మందులూ ఫిజియోథెరపీ ఇప్పుడు పూర్తిగా మా వారి బాధ్యత, నేను గుర్తు చేయను, ఆయన మరచిపోతే ఆయనే మందుల షాపుకు పరిగెత్తుతారు. గుర్తు చేయకుండా నోరు కట్టుకోవడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది.

ఇంకొక సందేహం కూడా అడగాలి. మా బృందంలో ఆడవాళ్లం కొందరం రాత్రి పదింటికి ఒక వాట్సాప్ గుంపులో మేనేజరు గురించీ అప్రైజల్ గురించీ చెప్పుకుంటూ ఉంటాం. చెప్పుకుంటున్నప్పుడు ఎంతో ఊరటగా ఉంటుంది, పడుకునే సమయానికి మాత్రం కోపం రెట్టింపై ఉంటుంది. ఇది మంచిదేనా?

నల్లబల్ల రాశారు:

జంట నగరాలు గారి సందేహానికి నా అనుభవం వేరు. నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిని. పదో తరగతి ఫలితాల కాలంలో మా స్టాఫ్ రూములో ఆ కబుర్లే లేకపోతే మేము బతకలేం. తన తరగతిలో తప్పిన పిల్లల గురించి లోలోపల కుమిలిపోయేవాడు, పక్క మాస్టారి తరగతిలోనూ తప్పారని విన్నప్పుడే తేలికపడతాడు. చెప్పుకోవడం మానేయమంటే ఒప్పుకోను.

మనోవీక్షణ రాశారు:

చెప్పుకోవడం మానేయమని ఎవరూ అనరు, నల్లబల్ల గారూ. మీరు చెప్పినదీ జంట నగరాలు గారు చెప్పినదీ రెండూ నిజం కావడానికి వీలుంది. అమాండా రోజ్ అనే పరిశోధకురాలు 2002లో పాఠశాల పిల్లల స్నేహాలను పరిశీలించి, ఒకే సమస్యను కలిసి మళ్లీ మళ్లీ తవ్వుకునే జంటల మధ్య స్నేహం గాఢంగా ఉంటుందనీ, అదే సమయంలో వాళ్లలో దిగులూ ఆందోళనా ఎక్కువగా ఉంటాయనీ గమనించారు. ఊరట నిజమైనదే, దానితో పాటు వచ్చే భారమూ నిజమైనదే, అందుకే ఆ అలవాటు అంత సులభంగా వదలదు.

స్టాఫ్ రూము సంభాషణకూ రాత్రి పది గంటల గుంపుకూ తేడా ఎక్కడ వస్తుందో వాటి నడకను బట్టి తెలుస్తుంది. ఇంకొకరికీ ఇలాగే జరిగిందని తెలియడం, వాళ్లు ఏం చేశారో వినడం, మధ్యలో ఎవరో ఒక హాస్యం ఆడి విషయం మారిపోవడం, ఇవి మేలు చేసే మాటలు. మేనేజరు పంపిన ఒక్క ఈమెయిలులోని ప్రతి పదానికీ ఐదుగురు ఐదు దురర్థాలు తీసి, 'నిన్ను తీసేయడానికే ఇదంతా' అని తేల్చడం రెండో రకం. పైగా అది నిద్రకు ముందు జరుగుతోంది. జంట నగరాలు గారూ, గుంపును వదలనవసరం లేదు, దాన్ని సాయంత్రం టీ వేళకు మార్చగలరేమో చూడండి. 'సరే, రేపు నువ్వు ఏం చేద్దామనుకుంటున్నావు' అని అడిగే ఒక్క మనిషి గుంపులో ఉన్నా సంభాషణ స్వరూపం మారుతుంది.

సంఘం మనిషి గారికి నేను ఇంకా బాకీ ఉన్నాను. మీ విమర్శలో బలం ఉంది, దానికి పరిశోధనలో ఆధారం కూడా ఉంది. పని తర్వాత మనసు పనినుంచి విడివడటం గురించి దీర్ఘకాలం పరిశోధించిన జర్మన్ శాస్త్రవేత్త సబీనా సొన్నెంటాగ్ కృషి ప్రకారం, పనిభారం ఎక్కువగా ఉన్నవారికి విశ్రాంతి అవసరం ఎక్కువ, కానీ సరిగ్గా వాళ్లకే మనసును విడదీసుకోవడం కష్టం. అంటే భారం తగ్గించకుండా, విడివడే నేర్పు మాత్రమే నేర్పితే సగం పనే జరుగుతుంది. రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్‌లు 1984లో చేసిన విభజన ఇక్కడ పనికివస్తుంది. ఒత్తిడి కలిగించే పరిస్థితిని మార్చే ప్రయత్నం ఒకటి, ఆ పరిస్థితి మనలో లేపిన ఉద్వేగాన్ని సంభాళించుకోవడం మరొకటి, ఒకే మనిషి ఒకే రోజున రెండూ చేస్తాడు. సిబ్బంది కొరతపై సంఘం ద్వారా వినతిపత్రం ఇవ్వడం మొదటిది. ఆ రాత్రి నిద్రపోవడం రెండోది. నిద్రపోయినవాడు వినతిపత్రాన్ని ఇంకా బాగా రాస్తాడు.

డల్లాస్ తెలుగు రాశారు:

మార్చడానికి వీలులేని పరిస్థితి గురించి నేను కొంత చెప్పగలను. అమెరికాలో హెచ్-1బి వీసా మీద పనిచేస్తున్నాను. ఉద్యోగం పోతే సాధారణంగా గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది, ఆ లోపు కొత్త సంస్థ మా తరఫున దరఖాస్తు చేయాలి, లేదా వేరే వీసా హోదాకు మారడానికి దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. ఇల్లు వాయిదాల మీద ఉంటుంది, పిల్లలు ఇక్కడే పుట్టి పెరుగుతుంటారు. 2022 చివరి నుంచి పెద్ద సంస్థలలో తొలగింపులు మొదలయ్యాక మా అపార్ట్‌మెంట్లలో తెలుగు కుటుంబాల మధ్య వేరే మాట వినపడలేదు. ఉదయం లాప్‌టాప్ తెరిచినప్పుడు లాగిన్ అయితే ఆ రోజుకు బతికిపోయామనుకునేవాళ్లం.

నేను చేసిన పని చాలా సాదాగా ఉంటుంది. ఒక వారాంతంలో భార్యతో కలిసి కూర్చుని, ఉద్యోగం పోయిందని ఫోను వచ్చిన మరుక్షణం నుంచి ఏం చేయాలో ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాం. ఏ న్యాయవాదికి ఫోను చేయాలి, ఎవరెవరికి రెజ్యూమె పంపాలి, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంటుంది, పొదుపు ఎన్ని నెలలకు సరిపోతుంది, ఇండియాకు తిరిగి వెళ్లవలసివస్తే పిల్లలను ఎక్కడ చేర్పించాలి, అన్నీ అందులో ఉన్నాయి. చివరి అంశం రాయడానికి ఇద్దరికీ చేయి ఆడలేదు. రాసిన తర్వాత మాత్రం, అన్నిటికన్నా భయపెట్టిన సంగతి కూడా ఒక చిరునామా, ఒక ఫీజు, ఒక బడి బస్సుగా మారిపోయి కనిపించింది. ఆ తర్వాత భయం వచ్చినప్పుడల్లా, ఆ కాగితంలో లేని కొత్త విషయం ఏదైనా గుర్తొచ్చిందా అని చూసుకుంటాను. ఉంటే చేరుస్తాను, లేకపోతే బ్యాడ్మింటన్ కోర్టుకు వెళ్తాను.

అమ్మానాన్నలకు చెప్పాలా వద్దా అన్నది నాకు ఇప్పటికీ తేలని చిక్కు. కరీంనగర్లో ఉన్నవాళ్లకు ఇక్కడి తొలగింపుల వార్తలు మా కంటే ముందే టీవీలో తెలుస్తాయి. అంతా బాగుందని ప్రతి ఆదివారం నటించడం ఉద్యోగ భయం కంటే ఎక్కువ అలసట కలిగించింది కాబట్టి, చివరికి నాన్నకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఉద్యోగం గురించి కాదు, రాత్రిళ్లు తింటున్నావా లేదా అని.

నెలాఖరు రాశారు:

అందరి జవాబులూ శ్రద్ధగా చదివాను. మనోవీక్షణ గారిని ఒక విషయం సూటిగా అడగాలి. మనం ఆందోళన చెందే విషయాలలో అత్యధిక భాగం అసలు జరగవని చెప్పే పరిశోధన ఒకటి ఉందని విన్నాను. నా ఉద్యోగంలో ఆ మిగిలిన కొద్ది శాతమే కొంప ముంచుతుంది. ఒక రుణం చెడిపోతే బాధ్యత ఎవరిదని విచారణ నా మీదికే వస్తుంది. అలాంటప్పుడు, 'చాలావరకు జరగవు' అన్న మాట నాకు ఊరట ఎలా అవుతుంది? రెండోది, రోజుకు ఒక సమయం కేటాయించుకుని అప్పుడే ఆందోళన చెందమనే పద్ధతి గురించి కూడా విన్నాను. ఆందోళన మనం పిలిచినప్పుడు వచ్చి, పొమ్మన్నప్పుడు పోయేదైతే ఇంత చర్చ అవసరమే ఉండదు కదా?

మనోవీక్షణ రాశారు:

మీరు విన్న పరిశోధన 2020లో లూకాస్ లాఫ్రెనియర్, మిషెల్ న్యూమన్ ప్రచురించినది. జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అనే ఆందోళన రుగ్మత ఉన్న 29 మంది తమ ఆందోళనలను రాసిపెట్టుకుని, తర్వాత ఏం జరిగిందో సరిచూసుకుంటే, దాదాపు 91 శాతం నిజం కాలేదు. మీ అభ్యంతరం న్యాయమైనది, సగటు అంకె ఏ ఒక్క ఖాతాకూ హామీ ఇవ్వదు. ఆ అధ్యయనం నుంచి తీసుకోవలసినది శాతం కాదు, పద్ధతి. మీ 60 రోజుల జాబితాలోని ఒక్కొక్క పేరు పక్కన, ఏం జరుగుతుందని భయపడుతున్నారో నెల మధ్యలో రాసి, త్రైమాసికం ముగిశాక చూడండి. మీకు భయం కలిగించిన ఖాతాలూ నిజంగా చెడిపోయిన ఖాతాలూ ఒకటేనా కాదా అన్నది మీ సొంత పుస్తకమే చెబుతుంది. రెండూ ఒకటే అయితే మీ భయానికి వృత్తిపరమైన విలువ ఉంది, దాన్ని పగటిపూట వాడుకోండి. వేరైతే, రాత్రి మేలుకుని మీరు కాపలా కాస్తున్నది వేరే తలుపు దగ్గర.

సమయం కేటాయించే పద్ధతిని థామస్ బోర్కోవెక్ బృందం 1983లో ప్రతిపాదించింది. రోజూ ఒకే చోట, ఒకే వేళలో అరగంట కూర్చుని ఆందోళన చెందాలి. మిగతా సమయంలో ఆందోళన మొదలైందని గమనించిన వెంటనే, దానిని ఆ అరగంటకు వాయిదా వేసి, చేతిలో ఉన్న పని మీదికి దృష్టి మళ్లించాలి. మీరన్నట్టు ఆందోళన చెప్పినట్టు వినదు, అయితే ఇక్కడ దాన్ని పొమ్మనడం లేదు. పొమ్మంటే ఏమవుతుందో డేనియల్ వెగ్నర్ 1987లో చూపించారు. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని చెప్పినవారికి అది పదేపదే గుర్తొచ్చింది, ఆ నిషేధం ఎత్తేశాక ఇంకా ఎక్కువగా గుర్తొచ్చింది. వాయిదా వేయడంలో నిరాకరణ లేదు, 'నీ మాట వింటాను, సాయంత్రం ఏడింటికి' అన్న ఒప్పందం మాత్రమే ఉంది. ఆ ఒప్పందాన్ని మీరు నిలబెట్టుకోవాలి, అంటే ఏడింటికి నిజంగా కూర్చోవాలి. చాలామంది మొదటి భాగం చేసి రెండో భాగం ఎగ్గొడతారు, ఆ తర్వాత పద్ధతి పనిచేయలేదంటారు. ఆ అరగంట పడకగదిలో పెట్టుకోకండి, నిద్రవేళకు దగ్గరగానూ పెట్టుకోకండి.

నిద్రకు ముందు మాత్రం ఐదు నిమిషాలు వేరే పని ఉంది. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కల్లిన్ బృందం 57 మంది యువతీయువకులను నిద్ర ప్రయోగశాలలో పరిశీలించి, 2018లో ఫలితాలు ప్రచురించింది. రాబోయే రోజుల్లో చేయవలసిన పనులను రాసినవారు, అప్పటికే పూర్తిచేసిన పనులను రాసినవారి కంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు, జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా పట్టింది. చిన్న ప్రయోగమే, దాని మీద పెద్ద కోటలు కట్టవద్దు. కాగితానికి కలానికి అయ్యే ఖర్చు కూడా చిన్నదే కాబట్టి చెబుతున్నాను.

నల్లబల్ల రాశారు:

ఒక విషయం మగవాళ్లలో ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి నేను చెబుతాను. మాలో చాలామందికి ఒత్తిడికి తెలిసిన మందు సాయంత్రం సీసా ఒక్కటే. అది తాగిన గంటలో ఆలోచనలు మందగిస్తాయి, నిద్ర కూడా త్వరగా పడుతుంది, అందుకే అది పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. రాత్రి రెండో సగంలో ఆ నిద్ర చెదిరిపోయి, తెల్లవారుజామున మూడింటికి అవే ఆలోచనలు మరింత పదునుగా తిరిగివస్తాయి. మా సహోద్యోగి ఒకరు దీన్ని చాలాకాలం నిద్రలేమి అనుకుని, దానికి విరుగుడుగా మోతాదు పెంచుకుంటూ పోయారు.

ఇంకొందరు గుడికో భజనకో వెళ్తారు. నాకు అందులో పెద్దగా ఆసక్తి లేదు, అయినా గంటసేపు నలుగురితో కలిసి గొంతెత్తి పాడే మనిషి ఆ గంటలో డీఈఓ కార్యాలయం గురించి తలపోయలేడన్నది మాత్రం కళ్లారా చూశాను.

రాత్రి పాళీ రాశారు:

ఎంతవరకు ఇంట్లో చూసుకోవాలి, ఎప్పుడు వైద్యుల దగ్గరికి వెళ్లాలి అన్నది కూడా ఇక్కడ రాసిపెట్టాలి. గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉంటే ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఆందోళన లక్షణాలే కనిపిస్తాయి. దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ ఉన్నా, పనికి వెళ్లలేని స్థితి వచ్చినా, స్వయం చికిత్సలు ఆపి వైద్యులను కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో రోజంతా ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. తక్షణ ప్రమాదం ఉంటే దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికే వెళ్లాలి.

సంఘం మనిషి రాశారు:

మనోవీక్షణ గారి సమాధానాన్ని సగం అంగీకరిస్తున్నాను, మిగతా సగం కోసం సంఘం కార్యాలయంలో వాదించుకుంటాను. ప్రస్తుతానికి ఉద్యోగుల తరఫున ఒక ఆచరణాత్మక ప్రశ్న. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లినట్టు తెలిస్తే పదోన్నతి ఆగిపోతుందనీ, బదిలీ చేస్తారనీ చాలామంది భయపడి ఆగిపోతారు. బీమా వర్తించదని కూడా అంటారు. ఈ రెండింటిలో నిజమెంత?

మనోవీక్షణ రాశారు:

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే నెలాఖరు నుంచి అమలులో ఉంది. దానిలోని 21వ సెక్షను ప్రకారం, శారీరక రోగాల చికిత్సకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో అదే ప్రాతిపదికన మానసిక రోగాలకూ ఇవ్వాలి. అయితే సాధారణ పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకు సంబంధించినవి కాబట్టి, వారానికి ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్లే కౌన్సెలింగ్ ఫీజు అందులో రాకపోవచ్చు. పాలసీ పత్రంలో ఓపీడీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా పొందే చికిత్సకు సంబంధించిన నిబంధన చూసుకోవాలి, సంస్థ ఇచ్చే గ్రూపు పాలసీ అయితే ఆ నిబంధనను చేర్పించమని అడగడం సంఘాలు చేయదగిన పని.

అదే చట్టంలోని 23వ సెక్షను రోగికి గోప్యత హక్కు ఇస్తుంది. చట్టంలో పేర్కొన్న కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ముఖ్యంగా ఎవరి ప్రాణానికైనా హాని జరగకుండా నివారించవలసిన సందర్భాలు తప్ప, చికిత్స చేసేవారు ఆ వివరాలను బయటపెట్టకూడదు. ఆ మినహాయింపులలో యజమాని కుతూహలం లేదు. ఆచరణలో వివరాలు బయటికి పొక్కేది చాలాసార్లు సెలవు దరఖాస్తు దగ్గర, కాబట్టి వైద్య ధ్రువపత్రంలో ఎంత రాయాలన్నది డాక్టరుగారితో ముందే మాట్లాడుకోండి. సెలవు మంజూరు కావడానికి అవసరమైనంత రాసి, మిగతాది కేసు ఫైలులోనే ఉంచమని అడిగే హక్కు మీకుంది.